భారతీయ క్రైస్తవ దైవశాస్త్రం: చెంచయ్య యోగం, పేరయ్య యోగం

1938 డిసెంబరులో మద్రాసు సమీపాన తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మండలి మహాసభ జరిగింది. ఆ సభ కోసం డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ రాసిన గ్రంథం, క్రీస్తులో వెల్లడైన దైవసందేశానికీ ఇతర మతాల అన్వేషణకూ నడుమ కొనసాగింపు లేదని వాదించింది. మద్రాసులోని భారతీయ క్రైస్తవ మేధావులు కొందరు అదే ఏడాది ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ అనే వ్యాససంపుటిని వెలువరించి ఈ వాదాన్ని ఎదుర్కొన్నారు. వారిలో క్రేమర్ గ్రంథాన్ని సూటిగా విమర్శించినవారు నెల్లూరులో జన్మించిన పి. చెంచయ్య (1886–1959).

హిందూ కుటుంబంలో పుట్టి, కౌమారంలో కుటుంబంతోపాటు క్రైస్తవం స్వీకరించిన చెంచయ్య మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రం చదివి, న్యాయవాదియై, పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. పాశ్చాత్య సంఘవ్యవస్థనూ సిద్ధాంతాలనూ దాటి క్రీస్తును ప్రత్యక్షంగా అనుభవించడమే భారతీయ క్రైస్తవుని పని అని ఆయన నమ్మారు. ఆయన దృష్టిలో క్రీస్తు సృష్టి పరిణామంలో ఒక నూతన సృష్టి. పరిశుద్ధాత్మ ఆ సృష్టిని మనుషులలో కొనసాగించే మహాశక్తి. అందుకే పాపక్షమాపణ కన్నా నూతన జన్మకు ఆయన పెద్దపీట వేశారు. ఆ శక్తిని అందుకొనే సాధనను యోగమన్నారు. కుంభకోణానికి చెందిన మాస్టర్ సి.వి.వి. యోగమార్గం ప్రభావం ఆయనపై ఉంది. హిందూ వారసత్వాన్ని వదులుకోవలసిన భారంగా కాక, క్రీస్తును గ్రహించడానికి తోడ్పడే సంపదగా చూశారు.

చెంచయ్య ఒంటరివారు కారు. ఆయన బంధువు వేంగళ్ చక్కరై (1880–1958) అవతార భావనను తీసుకొని, క్రీస్తు అవతారం ముగిసిపోయేది కాదనీ ఆత్మ ద్వారా నేటికీ కొనసాగుతున్నదనీ వివరించారు. ఎ. జె. అప్పాసామి రామానుజుని అంతర్యామి భావనను, తమిళ భక్తి సంప్రదాయాన్ని ఆశ్రయించారు. వీరికి ముందే వంగదేశంలో బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ్ త్రిత్వాన్ని సచ్చిదానందంగా కీర్తిస్తూ 1898లో సంస్కృత స్తోత్రం రచించారు. వీరు ఎంచుకొన్న దర్శనాలు వేరైనా ‘భారతీయం’ అన్న మాటకు అర్థాన్ని ప్రధానంగా శాస్త్రగ్రంథాలలోనూ ఆచార్యుల సంప్రదాయాలలోనూ వెతికారు.

ఈ వెతుకులాటకు ఆవల ఏముందో తెలుసుకోవడానికి చెంచయ్య పుట్టిన జిల్లాకే వెళ్లవలసి ఉంటుంది. 19వ శతాబ్దిలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం. చెంచయ్య పుట్టడానికి ఎనిమిదేళ్ల ముందు, మహాక్షామం దరిమిలా, 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరాన వెల్లంపల్లి వద్ద ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ క్షామకాలంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వీరికి పని కల్పించిన సంగతి ప్రసిద్ధం. ఆ కారణంగానే ఈ మతాంతరాన్ని కూటికోసం జరిగినదిగా కొట్టిపారేసే అలవాటు ఏర్పడింది. అది తొందరపాటు. ఉద్యమానికి మూలం క్షామానికి పదేళ్ల ముందే ఉంది.

ఆ మూలపురుషుడు యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ విని, 1866లో బాప్తిస్మం పొందారు. అంతకుముందే ఆయన రాజయోగ ఉపదేశం పొందినవారు. దేవుడొక్కడే అనీ, విగ్రహాలలో లేడనీ చెప్పే గురుపరంపరలు ఆనాడు మాదిగవాడలలో వ్యాపించి ఉన్నాయి. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సోయింగ్ శాండిల్స్’ ఈ పరంపరలను గురించి చెప్పే అరుదైన గ్రంథం. శీర్షికలోని జాతివాచకం ఆనాటి తక్కువచూపునే మోస్తున్నా, ఇంటింటి కథలు సేకరించిన తీరు వల్ల దాని విలువ తగ్గలేదు. యోగ గురువుల శిష్యవర్గాలే కొత్త బోధను ముందుగా ఆలకించాయని ఆ కథనం సూచిస్తుంది. అంటే, చెంచయ్య 20వ శతాబ్దిలో ప్రతిపాదించిన యోగ క్రైస్తవ సమాగమం ఆయన సొంత జిల్లాలో అంతకు రెండు తరాల ముందే, చెప్పులు కుట్టే చేతులలో జరిగిపోయింది. రెండు యోగాలూ ఒకటి కావు. ఒకటి సృష్టిపరిణామ తత్త్వం. మరొకటి గుడిలోకి రానివ్వని వారు గురుముఖంగా పొందిన జ్ఞానం.

తెలుగులో మరొక దారి కూడా ఉంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తకవులు కీర్తన రూపాన్ని, దాని రాగతాళాలతో సహా, క్రైస్తవ ఆరాధనలోకి తెచ్చారు. చౌదరి బ్రాహ్మణుడు, ఆయన కీర్తనలను శతాబ్దానికి పైగా పాడుతూ వచ్చినవారిలో అధికులు మాల మాదిగ విశ్వాసులు. పల్లవి పట్టుకొని సంఘమంతా పాడే ఈ రూపంలో సంస్కృత సమాసం సైతం చదువురాని నోటికి అలవాటైంది. దైవశాస్త్ర చరిత్రలు దీనిని సంగీతం పద్దులో వేసి పక్కన పెట్టడం సమంజసం కాదు.

1981లో బెంగుళూరు ఐక్య వేదాంత కళాశాలలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగం ఈ పక్షపాతాన్ని బహిరంగంగా ప్రశ్నించింది. భారతీయ క్రైస్తవ దైవశాస్త్రం బ్రాహ్మణ సంప్రదాయంతోనే సంభాషించిందనీ, సంఘంలో అధికులైన దళితుల అనుభవాన్ని విస్మరించిందనీ ఆయన అభియోగం. దళిత దైవశాస్త్రం ఆ తరువాత రూపుదిద్దుకొంది. ఈ విమర్శ చెంచయ్యకూ వర్తిస్తుంది, అయితే పూర్తిగా కాదు. పాశ్చాత్య సంఘం పెద్దరికాన్ని ఆయన తిరస్కరించిన తీరులో, క్రీస్తును మధ్యవర్తులు లేకుండా అందుకోవాలన్న పట్టుదలలో, పేరయ్య గురుపరంపరల పోలిక కనిపిస్తుంది. చెంచయ్య తన వాదాన్ని ఆంగ్లంలో, చదువుకొన్న క్రైస్తవుల కోసం రాశారు. పేరయ్య తెలుగులో, ఊరూరా తిరిగి, మాటగా చెప్పారు. ఆ మాట మనకు మిషనరీల ఆంగ్లం గుండానే చేరింది.