ఇజాజత్: కిటికీ నుంచి నక్షా దాకా

మూడేళ్ల కిందట తమ్ముడి నిఖా ఖాయమైంది. మేడ మీద ఒక గది, గుస్ల్‌ఖానా వేయాలన్నారు అబ్బా. మేస్త్రీ వచ్చి గోడలు తట్టి చూసి, "ఇజాజత్ తీసుకున్నారా భాయ్?" అని అడిగాడు. మా మొహల్లాలో ఆ మాట విని నవ్వనివాళ్లు తక్కువ. మా గల్లీలో సగం ఇళ్ల పైఅంతస్తులు రంజాన్ సెలవుల్లోనో, రాత్రిపూటో లేచినవే. నాకు మాత్రం నవ్వు రాలేదు. పత్రికలో పనిచేస్తూ, కూల్చివేతల వార్తలు రాసి రాసి భయం పట్టుకున్నవాణ్ణి. దఫ్తర్‌కి పోయి దరఖాస్తు ఫారం తెచ్చాను.

ఆ ఫారం చదువుతుంటే ఒక సంగతి తట్టింది. దరఖాస్తు, నకలు, హద్దు, గజం, దస్తావేజు, మంజూరు, రసీదు, జరిమానా, మరమ్మతు... తెలుగు ఫారం నిండా మన మాటలే. చివరికి పునాది కూడా ఫార్సీ బునియాదే. బడి ఉర్దూలో, డిగ్రీ తెలుగులో చదివిన నాలాంటివాడికి ఆ ఫారం ఒక అద్దంలా ఉంది. మాటలు మనవైనప్పుడు ఈ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందని వెతకడం మొదలుపెట్టాను.

వెతుకుతూ పోతే మిస్ర్ దాకా పోయాను. ఫుస్తాత్ షహర్ కొత్తగా కడుతున్న రోజులు. ఖారిజా బిన్ హుజాఫా అనే సహాబీ తన ఇంటిపై ఒక గది కట్టుకున్నారు. మిస్ర్‌లో మేడగది కట్టడం అదే మొదలని చెబుతారు. ఆ కిటికీలోంచి మా ఇళ్ల లోపలికి కనిపిస్తోందని ఇరుగుపొరుగువారి షికాయత్ మదీనాలో ఉన్న హజ్రత్ ఉమర్ (రజి) దాకా వెళ్లింది. ఆయన గవర్నర్ అమ్ర్ బిన్ ఆస్‌కు ఖత్ రాశారు. ఆ గదిలో ఒక మంచం వేయించు, మరీ పొడుగూ మరీ పొట్టీ కాని మనిషిని దాని మీద నిలబెట్టు, అతనికి కిటికీలోంచి పక్కింట్లోకి కనిపిస్తే కిటికీ మూసేయించు, కనిపించకపోతే వదిలేయమని దాని సారాంశం. రివాయత్ ఇంతే. మేడ కూల్చమనలేదు. ఇజాజత్ లేకుండా ఎందుకు కట్టావనీ అడగలేదు.

పాత ముస్లిం షహర్‌ల కట్టడాల కానూన్ దాదాపు ఈ దారిలోనే నడిచింది. నీ జమీన్‌లో నువ్వు కట్టుకో, హంసాయాకు నుక్సాన్ చేయకు. పొరుగువాడు వచ్చి ఫిర్యాదు చేసేదాకా ఖాజీ నీ గడప తొక్కడు. ఫిర్యాదు వచ్చాక మాత్రం ఊరుకోడు. తన వెంట మేస్త్రీని కూడా పంపుతాడు. 14వ శతాబ్దంలో తూనిస్‌లో ఇబ్నుర్రామీ అని ఒక మేస్త్రీ ఉండేవాడు. ఖాజీల తరఫున గోడలు, నాలీలు, కిటికీలు తనిఖీ చేసేవాడు. తను చూసిన ముఖద్దమాలన్నీ కూర్చి కట్టడాల కానూన్ మీద అరబీలో కితాబ్ రాశాడు. ఉమ్మడి గోడ కూలితే ఖర్చు ఎవరిది, మిద్దె మీది వాన నీళ్లు ఎటు పోవాలి, గల్లీలోకి ఛజ్జా ఎంతవరకు రావచ్చు లాంటి తగాదాలు అందులో ఉన్నాయి. చేతికి సున్నం అంటిన మనిషి ఫిఖ్హ్ రాయడం ఎంత ముచ్చటైన సంగతి! ఉస్మానీ సల్తనత్ 1869 నుంచి 1876 వరకు తయారుచేసిన మజల్లాలోనూ, ఆడవాళ్లు మసలే చోటు కనిపించేలా కిటికీ పెట్టడాన్ని పెద్ద నుక్సాన్‌గానే రాశారు.

ముందుగా సర్కార్‌ని అడిగి, నక్షా చూపించి, ముహర్ వేయించుకుని కట్టాలన్నది కొత్త ఆలోచన. మన హైదరాబాద్‌కు అది మెల్లగా వచ్చింది. 1869లోనే, మొదటి సాలార్ జంగ్ దివాన్‌గిరీలో, బల్దియా పుట్టింది. అసలు మలుపు మాత్రం 1908 సెప్టెంబర్ 28. ఆ రోజు మూసీ పొంగింది. పోయిన జానులు దాదాపు పదిహేను వేలని, కూలిన ఇళ్లు పంతొమ్మిది వేలని లెక్క. రుబాయీల షాయర్ అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లినీ, భార్యనీ, కూతురినీ పోగొట్టుకున్నారు. ఆయన పేరు విన్నప్పుడల్లా నాకు ముందు ఆ నీళ్లే గుర్తొస్తాయి, తర్వాతే షాయరీ.

వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆయన సలహాల నుంచే వచ్చాయి. ఆ వెనకే తావూన్, అంటే ప్లేగు, షహర్‌ని పట్టింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు ఇళ్లే బీమారీకి కారణమని తేల్చి 1912లో ఆరాయిషె బల్దా ఏర్పాటు చేశారు. ఇంగ్లీషులో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. అది ఇరుకు బస్తీలు తీసేసి, సడక్‌లు వెడల్పు చేసి, కొత్త ఇళ్లు వరుసగా కట్టించింది. పత్తర్‌గట్టీలో ఇప్పటికీ నిలబడి ఉన్న రాతి కమాన్‌లు దాని పనే. పెళ్లి బట్టలకు అక్కడికి పోయినప్పుడు తలెత్తి చూడండి, అన్ని దుకాణాలకూ ఒకే ముఖం. ఎవరికి నచ్చినట్టు వాళ్లు కట్టుకునే బజార్‌లో సర్కార్ గీసిన గీత అలా కనబడుతుంది. ఆ రోజుల్లోనే లియోనార్డ్ మన్ అనే ఇంజినీర్ షహర్‌ మొత్తాన్ని కొలిచి నక్షాలు గీయించాడు. ఒక్కో షీట్‌లో గల్లీలు, మస్జిద్‌లు, ఇళ్లు విడివిడిగా కనిపిస్తాయి. ఇల్లు కాగజ్ మీదికెక్కాక దానికి కొత్తగా ఒక గోడ చేరిస్తే ఎవరికైనా తెలుస్తుంది.

తర్వాతది కానూన్‌ల వరుస. ఇప్పటికీ నగరంలో ఇళ్లకు వర్తించే మూల చట్టం 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం. కట్టే ముందు నోటీసు ఇవ్వాలని అందులోనే ఉంది. సున్నం వేయడం, ఫర్షీ మార్చడం, ప్లాస్టరింగ్ లాంటి మరమ్మతుకు ఎవరినీ అడగక్కర్లేదు. బరువు మోసే గోడ తీసినా, మేడ మీద గది వేసినా అడగాలి. అడగకుండా కట్టినవాళ్ల కోసం జరిమానా కట్టి పక్కా చేయించుకునే స్కీములు 2007లో ఒకటి, 2015లో ఒకటి వచ్చాయి. స్కీము వస్తుందిలే అని ఎదురుచూడటం మనవాళ్లకు అలవాటైంది. అది మంచి అలవాటు కాదు. 2020లో తెలంగాణలో టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది. 75 గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు పైకి, ఏడు మీటర్ల లోపు కట్టుకుంటే ఇజాజతే అవసరం లేదు. ఆన్‌లైన్‌లో ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకోవడమే. అబద్ధం రాస్తే నోటీసు లేకుండా కూల్చవచ్చని కూడా అదే చట్టంలో ఉంది.

మా ఇల్లు డెబ్బై గజాలు. ఒక్క రూపాయితో అయిపోతుందని అమ్మీకి చెప్పి మిఠాయి కూడా తినేశాను.

దఫ్తర్‌లో కాగజ్‌లు చూశాక తేలింది. ఇల్లు మాకు డెబ్బై గజాలు, కాగజ్ మీద నూట నలభై, అదీ దాదా పేరు మీద. దాదా 1978లో దాన్ని ఇద్దరు కొడుకులకు, తాయాకూ అబ్బాకూ, హిబా చేశారు. ఉర్దూలో రాసిన ఒక కాగజ్, ఇద్దరు గవాహ్‌ల దస్తఖత్‌లు. రిజిస్ట్రీ లేదు. ముసల్మాన్ల హిబాకు రిజిస్ట్రీ తప్పనిసరి కాదు. ఈజాబ్, ఖబూల్, ఖబ్జా మూడూ ఉంటే చాలు. రాసిపెట్టుకున్నంత మాత్రాన రిజిస్ట్రీ అక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది కూడా. (ఖబ్జా అంటే స్వాధీనం, అంతే. ఆ మాట తెలుగులో దొంగతనం ఎలా అయిందో ఇంకోసారి రాస్తాను.) ఇదంతా కౌంటర్ అవతలి మనిషికి చెప్పాను. ఓపిగ్గా విని, "సార్, నేను చదవలేని కాగజ్ మీద నేనెలా రాయాలి? రిజిస్టర్డ్ తెండి" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. ఆ ఉర్దూ షికస్తాలో ఉంది, నాకే రెండు చోట్ల చదవడం కష్టమైంది.

ఇంటికొచ్చి చెప్పాను. తాయా లేరు. తాయాజాద్ భాయ్‌తో కలిసి తక్సీమ్ దస్తావేజు రిజిస్టర్ చేయించుకుంటే సరిపోతుందని వకీల్ చెప్పిన మాటా చెప్పాను. అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "హిబా చెల్లదంటే అది విరాసత్ కదా. విరాసత్ అయితే ఆపాది ఎక్కడ?" అన్నారు.

ఆపా అంటే మా పుప్పూ. గుల్బర్గాలో ఉంటారు. లెక్క చిన్నది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, నూట నలభైకి ఐదు భాగాలు. మాకు యాభై ఆరు, తాయా ఇంటికి యాభై ఆరు, పుప్పూకి ఇరవై ఎనిమిది. వకీల్ మాత్రం హిబా చెల్లుతుంది, ఆమె సంతకం కాగజ్ భద్రత కోసమే అన్నాడు. అబ్బా ఒప్పుకోలేదు. "దాదా అప్పుడు ఆపాని అడగలేదు. ఇప్పుడు సంతకానికి పిలిచి, అడగకుండా పంపిస్తానా?"

పుప్పూ వచ్చారు. తఖ్త్ మీద కూర్చుని ఆ పాత కాగజ్ తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, షికస్తాను నాకంటే సులువుగా చదివేశారు. "నలభై అయిదేళ్లయింది బేటా. మొదటిసారి చూస్తున్నా" అన్నారు. ఇరవై ఎనిమిది గజాలు తీసుకోమని అబ్బా రెండుసార్లు అన్నారు. తాయాజాద్ భాయ్ తల దించుకున్నాడు, అతని వాటాలోంచీ పోతుంది కదా. పుప్పూ జమీన్ వద్దన్నారు. మేడ మీద ఒకటి కాదు, రెండు గదులు వేయమన్నారు, రెండోది తను వచ్చినప్పుడు ఉండటానికి. అది నోటిమాటగా ఉండకూడదని, దస్తావేజులో రాయించాలని కూడా అన్నారు. వకీల్ రాశాడు, రిజిస్ట్రీ అయింది.

రెండు గదుల నక్షా మళ్లీ గీయించాం, మంజూరు వచ్చింది. పుప్పూ గది కిటికీ పక్కింటి సెహన్ వైపు పడుతోంది. నక్షాలో దానికి అభ్యంతరం లేదు. మేస్త్రీ చౌకట్టు పెట్టే ముందు కింది నుంచి పుప్పూ తఖ్త్ పైకి మోయించి, దాని మీద తమ్ముణ్ణి నిలబడమన్నాను. వాడి గడ్డం దాకా గోడ వచ్చింది. ఇంకో నాలుగు వరసల ఇటుకలు పెట్టించాం.