మొదటి గుమ్మం నుంచి లెక్క: చేవెళ్ల, మొయినాబాద్‌లలో అక్యూట్ హార్ట్ ఫెయిల్యూర్ చికిత్సను పోల్చే తీరు

అక్యూట్ హార్ట్ ఫెయిల్యూర్ చికిత్సలో ఏ ఆస్పత్రి మెరుగో చెప్పాలంటే సాధారణంగా అక్కడి మరణాల శాతమే చూస్తారు. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ మండలాలకు ఆ కొలత చాలదు. చేవెళ్లలో ప్రభుత్వాస్పత్రి, పట్నం మహేందర్‌రెడ్డి వైద్య కళాశాల ఉన్నాయి. మొయినాబాద్ వైపు భాస్కర్ వైద్య కళాశాల, అజీజ్‌నగర్‌లో వీఆర్‌కే మహిళా వైద్య కళాశాల ఉన్నాయి. వీటిని దాటితే నగరంలోని ఉస్మానియా, నిమ్స్. ఇలాంటి దారిలో విషమించిన రోగిని పై ఆస్పత్రికి పంపితే మరణం అక్కడి లెక్కలో పడుతుంది, మొదటి ఆస్పత్రి రికార్డులో ‘రెఫర్డ్’ అన్న మాటే మిగులుతుంది. ఖర్చుకు తాళలేక ‘లామా’ (వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్తున్నామన్న) సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్లినవారు అక్కడ కన్నుమూస్తే ఏ లెక్కలోకీ రారు.

గుండె రక్తాన్ని ముందుకు నెట్టలేకపోతే ఒత్తిడి వెనక్కి పెరిగి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. రోగి పడుకోలేక మంచం అంచున కూర్చుని, మోకాళ్ల మీద చేతులానించి ఎగశ్వాస తీస్తాడు. దీన్ని ఉబ్బసమనుకుని నెబ్యులైజర్ పెట్టడం, నీరసమని సెలైన్ ఎక్కించడం జరుగుతుంటుంది. ఉన్న నీటికి సెలైన్ మరింత నీటిని కలుపుతుంది. చేయవలసినవి వేరు: రక్తంలో ఆక్సిజన్ 90 శాతం కంటే తగ్గితే ఆక్సిజన్, నరంలోకి ఫ్యూరోసెమైడ్ (నీటిని మూత్రంగా బయటికి పంపే మందు), బీపీ నిలకడగా ఎక్కువుంటే నైట్రోగ్లిజరిన్, అవసరమైతే మాస్కుతో గాలి ఒత్తిడినిచ్చే బైపాప్, వెంటనే ఈసీజీ. మొదటి ఆరు గంటల్లో గంటకు కనీసం 100 మి.లీ. మూత్రం రాకపోతే ఫ్యూరోసెమైడ్ మోతాదు పెంచాలి. యూరిన్ బ్యాగు మీది గీతలు చదివే నర్సు ఉంటే ఈ పనికి పెద్ద యంత్రం అక్కర్లేదు.

వేగం ఒక్కటే కొలమానం కాగలదా? జపాన్‌లోని రియాలిటీ-ఏహెచ్ఎఫ్ అధ్యయనంలో (2017) గంటలోపు ఫ్యూరోసెమైడ్ అందినవారిలో ఆస్పత్రి మరణాలు 2.3 శాతం, ఆలస్యమైనవారిలో 6 శాతం. కొరియా రిజిస్ట్రీలో ఆ తేడా కనబడలేదు. 75 ఏళ్లు దాటినవారిపై ఫ్రాన్స్‌లో జరిగిన ఎలిసబెత్ పరీక్షలోనూ తొలి గంటల చికిత్సా ప్యాకేజీ ఫలితాన్ని మార్చలేదు.

వచ్చిన రోగి ఎంత జబ్బుతో వచ్చాడన్నదే అసలు చిక్కు. అమెరికాలోని అధీర్ రిజిస్ట్రీ చేరేటప్పటి బీపీ, రక్తంలో యూరియా నైట్రోజన్, క్రియాటినిన్ అనే మూడింటితోనే రోగులను విడదీసింది. తక్కువ ప్రమాదం ఉన్నవారిలో మరణాలు 2 శాతం, అత్యధిక ప్రమాదం ఉన్నవారిలో దాదాపు 22 శాతం. ఈ సర్దుబాటు లేని పోలిక అన్యాయమే. తేలిక రోగులను ఉంచుకుని బరువైనవారిని పంపేసే ఆస్పత్రే మంచిదిగా కనబడుతుంది.

డిశ్చార్జి తర్వాతి కాలం మరింత ముఖ్యం. తిరువనంతపురం రిజిస్ట్రీలో (2013, 18 ఆస్పత్రులు, 1,205 మంది) ఆస్పత్రిలో చనిపోయినవారు 8.5 శాతం, ఏడాదికి ఆ సంఖ్య 31 శాతానికి చేరింది. 53 ఆస్పత్రుల భారత జాతీయ రిజిస్ట్రీలో 10,851 మందిలో 90 రోజుల మరణాలు 14.2 శాతం. చేరిక తర్వాత మందులను త్వరగా పెంచి, తరచూ చూసిన స్ట్రాంగ్-హెచ్ఎఫ్ పరీక్షలో (2022) 180 రోజుల్లో మరణం లేదా మళ్లీ చేరిక 23.3 నుంచి 15.2 శాతానికి తగ్గింది.

కాబట్టి ఈ రెండు మండలాల్లో పోలికకు ప్రమాణం రోగి మొదట ఎక్కిన గుమ్మం కావాలి. 108 అంబులెన్స్‌లో ఎక్కిన సమయం, తొలి ఇంజెక్షన్ సమయం, చేరేటప్పటి బీపీ, క్రియాటినిన్, డిశ్చార్జినాటి బరువు ఒకే కాగితం మీద ఉండాలి. రెఫరైనా, లామా అయినా ఆ కాగితం రోగితోపాటే కదలాలి, 90వ రోజున ఇంటికి ఫోన్ చేసి అతని స్థితిని మొదటి ఆస్పత్రి ఖాతాలోనే నమోదు చేయాలి.