గుండెకి ఒక అంగుళం దూరంలో: పోలీసు పిస్టల్ మూడుసార్లు ఎందుకు మారింది?

పోయిన నెల డల్లాస్ నుంచి ఒక అన్నయ్య మెయిల్ పెట్టారు. "తమ్ముడూ, మా టీమ్‌లో అందరూ శనివారాలు షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నారు, నేనూ ఒక పిస్టల్ కొందామనుకుంటున్నా. పోలీసులు ఏది వాడితే అది కొనేస్తే గొడవ ఉండదు కదా?" అని.

ముందే చెప్పేస్తా. నేను బీటెక్ చేసి నాలుగేళ్లు ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకున్నవాణ్ణి. జీవితంలో తుపాకీ పట్టుకున్నది ఒక్కసారే, ఎన్‌సీసీ క్యాంపులో, అదీ పాయింట్ 22 రైఫిల్. ఏది కొనాలో చెప్పే అర్హత నాకు లేదు. కానీ "పోలీసులు ఏది వాడితే అది" అన్నారే, అక్కడ నాకు ఒక కథ దొరికింది. ఎందుకంటే అమెరికాలో అందరూ చూసి నేర్చుకునే ఎఫ్‌బీఐ, ముప్పై ఏళ్లలో ఈ విషయంలో తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటుకే వచ్చింది.

1986 ఏప్రిల్ 11, మయామీ. ఉదయం తొమ్మిదిన్నర దాటింది. బ్యాంకులు, డబ్బు తరలించే వ్యాన్‌లు దోచుకుంటున్న ఇద్దరి కోసం ఎఫ్‌బీఐ ఏజెంట్లు వేర్వేరు కార్లలో గాలిస్తున్నారు. వాళ్ల పేర్లు మైకేల్ ప్లాట్, విలియం మ్యాటిక్స్. దొంగిలించిన నల్ల మాంటే కార్లో కారులో కనపడ్డారు. ఏజెంట్లు తమ కార్లతో గుద్ది ఆపారు. తర్వాత ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, దాదాపు 145 తూటాలు పేలాయి. ఎనిమిది మంది ఏజెంట్లలో ఇద్దరు చనిపోయారు: బెన్ గ్రోగన్, వయసు 53, జెరీ డోవ్, వయసు 30. ఐదుగురు గాయపడ్డారు. అటువైపు ఉన్నది ఇద్దరే, గుర్తుపెట్టుకోండి.

మొదటి నిమిషాల్లోనే డోవ్ కొట్టిన ఒక 9 ఎంఎం తూటా ప్లాట్ కుడి చేతిలోంచి దూసుకెళ్లి ఛాతీలో దిగింది. ఊపిరితిత్తి దెబ్బతింది. ఆ తూటా గుండెకి సుమారు ఒక అంగుళం దూరంలో ఆగిపోయింది. అది బతికించే గాయం కాదు. కానీ ప్లాట్ అప్పటికప్పుడు పడిపోలేదు. చేతిలో రూగర్ మినీ-14 రైఫిల్ ఉంది, దాంతో ఇంకా కాలుస్తూనే ఉన్నాడు. గ్రోగన్‌ని, డోవ్‌ని చంపింది ఆ తూటా తగిలాకే. చివరికి ఎడమ చెయ్యి ఛిద్రమైపోయిన ఎడ్ మిరెలెస్ అనే ఏజెంట్, ఒంటిచేత్తో పంప్ షాట్‌గన్ లోడ్ చేసుకుంటూ కాల్చి, తర్వాత రివాల్వర్‌తో దగ్గరికి నడిచి వెళ్లి ముగించాడు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వాళ్లకి తెలిసిన సంగతి. సర్వర్ పడిపోయాక మర్నాడు మీటింగ్ పెడతారు, అసలు కారణం ఏంటి అని. పది కారణాలుంటాయి. కానీ అందరికీ ఒకటే కావాలి, అదీ ఏదైనా వస్తువు అయితే మరీ మంచిది. మనిషి పేరు రాయక్కర్లేదు కదా! ఎఫ్‌బీఐకి ఆ వస్తువు దొరికింది. ఆ 9 ఎంఎం తూటా. ఇంకో అంగుళం వెళ్లి ఉంటే ఇద్దరు బతికేవాళ్లు.

అది అబద్ధం కాదు. కానీ మిగతావి కూడా చూడండి. ఎదురుగా రైఫిల్ ఉంది, వీళ్ల చేతుల్లో చాలామందికి రివాల్వర్లు. కార్లు గుద్దుకున్నప్పుడు ఇద్దరి తుపాకులు చేజారిపోయాయి. గ్రోగన్ కళ్లద్దాలు ఎగిరిపోయాయని చెప్తారు. ఒక ఏజెంట్ చేతికి తూటా తగిలి, ఆ నెత్తుటి చేత్తో రివాల్వర్‌లోకి గుండ్లు ఎక్కించలేకపోయాడు. రివాల్వర్ అంటే మన పాత సినిమాల్లో ఇన్‌స్పెక్టర్ నడుముకి వేలాడేది. ఆరు గుండ్లు, అయిపోయాక మళ్లీ గుండ్రటి సిలిండర్ తెరిచి నింపాలి. పిస్టల్ అయితే ఖాళీ మ్యాగజైన్ జారవిడిచి కొత్తది తోస్తే చాలు. డోవ్ పిస్టల్‌కి అయితే ఎదుటి తూటా నేరుగా తగిలి అది పనికిరాకుండా పోయింది. దానికి ఏ డిజైనర్ ఏం చేస్తాడు?

సరే, ఎఫ్‌బీఐ ఏం చేసింది? ఒక మంచి పని, ఒక తొందర పని. మంచి పనేంటంటే 1987లో గాయాల నిపుణుల్ని కూర్చోబెట్టి అడిగారు. అప్పట్నుంచి తూటాని జెలటిన్ దిమ్మల్లోకి, ముందు బట్టలు, గాజు, ప్లైవుడ్ అడ్డం పెట్టి, కాల్చి కొలవడం మొదలైంది. కనీసం 12 అంగుళాలు లోపలికి వెళ్లాలి అన్న లెక్క అప్పుడొచ్చిందే. ఈరోజుకీ తూటా కంపెనీలు ఆ పరీక్ష పాసవడం కోసమే తంటాలు పడతాయి.

తొందర పని: పెద్ద తూటా కావాలి అనేశారు. 10 ఎంఎం. దాన్ని పూర్తి బలంతో కాలిస్తే వెనక్కి కొట్టే దెబ్బ చాలామందికి మోయలేనంత ఉంది, అందుకని మందు తగ్గించి వాడారు. దానికోసం స్మిత్ అండ్ వెసన్ దగ్గర 1076 అనే పిస్టల్ చేయించారు. పెద్దది, బరువైనది, పైగా సమస్యలొచ్చి పక్కన పెట్టాల్సొచ్చింది. ఇంతలో ఎవరికో బుర్ర వెలిగింది: మందు తగ్గించే పనైతే అంత పొడుగు తూటా ఎందుకు? కత్తిరించేద్దాం! అలా 1990 జనవరిలో పాయింట్ 40 ఎస్ అండ్ డబ్ల్యూ వచ్చింది. అమెరికా పోలీసు స్టేషన్లన్నీ దాని మీద పడ్డాయి. ఎఫ్‌బీఐ కూడా 1997లో ఆ సైజు గ్లాక్‌లు తీసుకుంది.

గ్లాక్ అన్నాం కాబట్టి కాస్త ఆగుదాం, ఈ ముక్క నాకు బాగా ఇష్టం. 1980 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యానికి కొత్త పిస్టల్ కావాల్సొచ్చింది. గాస్టన్ గ్లాక్ అనే ఆయన వియన్నా దగ్గర డాయిచ్ వాగ్రమ్‌లో కర్టెన్ రాడ్లు, సైన్యానికి కత్తులు చేసుకుంటున్నాడు. వయసు యాభై దాటింది, అప్పటిదాకా ఒక్క తుపాకీ కూడా చేయలేదు. నిపుణుల్ని పిలిచి, మంచి పిస్టల్‌లో మీకేం కావాలి అని అడిగాడు. నమూనాల్ని ఎడమ చేత్తో కాల్చి చూసేవాడంటారు, పేలిపోతే గీతలు గీసే కుడి చెయ్యి మిగలాలని. 1982లో సైన్యం ఎంచుకున్నది దాన్నే, పేరున్న కంపెనీలన్నీ పోటీలో ఉండగా. సైన్యం పెట్టిన షరతుల్లో ఒకటి, 10,000 తూటాలు కాలిస్తే 20 సార్లకు మించి మొరాయించకూడదు. గ్లాక్ 17లో విడి భాగాలు ముప్పై చిల్లర మాత్రమే. ఇంజనీర్‌గా నాకు ఇక్కడే నోరూరుతుంది: లేని భాగం చెడిపోదు. అన్నట్టు ఆ 17 అనేది ఆయన పదిహేడో పేటెంట్ అని, మ్యాగజైన్‌లో పట్టే గుండ్లు కూడా 17 అవ్వడం కాకతాళీయం.

మరి అంత నమ్మకమైన పిస్టల్ ఇచ్చేస్తే పనైపోయినట్టేనా? వాషింగ్టన్ డీసీ పోలీసులని అడగండి. 1989లో వాళ్లు రివాల్వర్లు మానేసి గ్లాక్ తీసుకున్నారు. అదే సమయంలో వందల మంది కొత్తవాళ్లని హడావుడిగా చేర్చుకున్నారు. రివాల్వర్ ట్రిగ్గర్ బరువు, లాగితే తెలుస్తుంది. గ్లాక్ ట్రిగ్గర్ దానికి సగం, సుమారు రెండున్నర కిలోలు. పక్కన లాక్ చేసే మీట ఉండదు. శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే. ఛాంబర్‌లో గుండు ఉందో లేదో చూడటం మర్చిపోయారో, అయిపోయింది. పదేళ్లలో వందకు పైగా పొరపాటు కాల్పులు జరిగాయని 1998లో వాషింగ్టన్ పోస్ట్ రాసింది. పోలీసులు తమని తాము కాల్చుకున్నారు, పక్కనున్న పోలీసుని కాల్చారు, కాల్చాలనుకోని మామూలు జనాన్నీ కాల్చారు. ఆ కథనాలకి మర్నాడు సంవత్సరం పులిట్జర్ వచ్చింది. పిస్టల్ మాత్రం చెప్పినట్టే చేసింది!

న్యూయార్క్ వాళ్లు 1993లో పిస్టల్స్ ఇవ్వడం మొదలుపెట్టారు, ట్రిగ్గర్ బరువు మాత్రం ఐదు కిలోల పైకి పెంచారు. పొరపాట్లు తగ్గించే ఆలోచన మంచిదే. కానీ అంత గట్టిగా లాగేటప్పుడు చెయ్యి కదులుతుంది, గురి తప్పుతుంది. 2008లో ర్యాండ్ సంస్థ న్యూయార్క్ పోలీసుల లెక్కలు తీసింది. ఎదుటివాడు కూడా కాలుస్తున్నప్పుడు వీళ్ల తూటాల్లో తగిలేవి వందకి 18. ఎదుటివాడు కాల్చనప్పుడు కూడా 30. మిగతావి ఎటు పోయాయి? అది నడి న్యూయార్క్. ట్రిగ్గర్ తేలిక చేసి చూడమని ర్యాండే సలహా ఇచ్చింది.

ఇదంతా అయ్యాక 2014 నాటికి ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం ఒక పత్రం రాసుకుంది. సారాంశం ఏంటంటే, కాల్పుల్లో పోలీసుల తూటాలు 70 నుంచి 80 శాతం తప్పుతున్నాయి. 9 ఎంఎం తూటాల తయారీ ఈ మధ్యలో బాగా మెరుగుపడింది, లోతు పరీక్ష పాసవుతోంది. పాయింట్ 40 ఇచ్చి అదనంగా వచ్చే లాభం లేదు, దెబ్బ మాత్రం ఎక్కువ. చాలామంది 9 ఎంఎంతోనే వేగంగా, గురిగా కొడుతున్నారు. 2016లో కాంట్రాక్ట్ మళ్లీ 9 ఎంఎం గ్లాక్‌కే ఇచ్చారు. డోవ్ చేతిలో ఉన్న సైజే.

మన దగ్గర ఈ చర్చ ఇంత గోలగా జరగలేదు. ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసే 9 ఎంఎం ఆటో పిస్టల్, పాత బ్రౌనింగ్ హైపవర్ డిజైన్, ఇన్నేళ్లూ నడిచింది. మామూలు పౌరులకి ఇక్కడ 9 ఎంఎం నిషిద్ధ బోరు, కాబట్టి కామెంట్లలో "బ్రో, హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది" అని అడక్కండి, ప్లీజ్.

ఇప్పుడు డల్లాస్ అన్నయ్యకి. అన్నా, మీ ఊరి పోలీసులే 2017లో సిగ్ పీ320ని డ్యూటీలో వాడొద్దని ఆపారు, కొన్ని కోణాల్లో కింద పడితే పేలే ప్రమాదం ఉందని బయటపడ్డాక. అదే సంవత్సరం జనవరిలో అమెరికా ఆర్మీ ఎంచుకున్నది ఆ కుటుంబం పిస్టల్‌నే. తర్వాత కంపెనీ మార్పులు చేసి ఇచ్చింది. అంటే "పోలీసులది" అన్న స్టిక్కర్ చూసి కొంటే, ఏ సంవత్సరం పోలీసులది అని కూడా అడగాలి.

రేంజ్‌లో అద్దెకి ఇస్తారట కదా. ముందు పాయింట్ 22తో మొదలుపెట్టి, తర్వాత రెండు మూడు రకాల 9 ఎంఎంలు పట్టుకుని చూడండి. ట్రైనర్‌కి డబ్బు పెట్టండి, పిస్టల్ ధరలో తగ్గించుకుని అయినా సరే. ఇంట్లో పాప ఉందని రాశారు, తాళం వేసే పెట్టె పిస్టల్ కంటే ముందు ఇంటికి రావాలి. వదిన ఏమంటున్నారో మెయిల్‌లో రాయలేదు, అది కూడా కనుక్కోండి.

వచ్చే వారం 1970 న్యూహాల్ కాల్పుల గురించి, నలుగురు హైవే పోలీసులు చనిపోయిన ఘటన. ఉంటాను మరి.