హంపి మల్లుల బ్రతుకు

2021 వఱకు మన బళ్ళారి జిల్లాలోనిదైన హంపిని సుమారు 1520లో చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల నిత్యసాధకమును వర్ణించినాడు. రాయలవారు వేకువకు ముందే నువ్వులనూనె త్రాగి, మేనంతయు అదే నూనె పట్టించుకొని, మట్టితో చేసిన పెద్ద బరువుల నెత్తి, ఆ నూనె యంతయు చెమటయై పోవువఱకు కత్తిసాము చేసి, పిమ్మట తమ మల్లులలో నొకనితో కుస్తీ పట్టెడివారట. ఆపై తెల్లవాఱువఱకు గుఱ్ఱపుస్వారి. నూనె త్రాగుట నేటి మన కడుపులకు పడదు లెండి!

ప్రభువు దేహమును కాపాడిన ఆ విద్యయే మల్లునికి కూడు పెట్టెను. కాని మహర్నవమి ఉత్సవములలో దాని రూపము వేఱు. దెబ్బలకు పండ్లు రాలెడివి, కన్నులు పోయెడివి. మాట పడిపోయినవారిని మిత్రులు మోసికొని పోయెడివారు. గెలిచినవానికి గౌరవము నిర్ణయించుటకు న్యాయకర్తలుండిరని పేస్ వ్రాసినాడు. కన్ను పోయినవాని సంసారము అటుపై నెట్లు గడచెనో వ్రాయలేదు.