క్రిస్మసు బహుమానములును తలిదండ్రుల ఖర్చును

క్రిస్మసు పండుగ సమీపించినప్పుడు మన సంఘములలో ఇంచుమించు ప్రతి ఇంటను ఒక ప్రశ్న పుట్టును. "ఈ ఏడు పిల్లలకు ఎంత పెడదాం?" అని భార్య భర్తను అడుగును. ప్రక్కయింటివారు ఏమి కొనిరో పిల్లలు అప్పటికే వచ్చి చెప్పియుందురు. పంట సొమ్ము చేతికి రాకమునుపే పండుగ వచ్చినచో ఈ ప్రశ్న మరింత బరువగును. పిల్లలకు బహుమానమిచ్చుట తప్పు కాదు. రొట్టె నడిగిన కుమారునికి రాయి నిచ్చు తండ్రి యుండడని మన ప్రభువే కొండమీద బోధించెను. అయితే ఆ బహుమానమునకు ఇంత వెల యుండవలెనని మనకు నేర్పినదెవరు? ఈ పాఠము బైబిలునుండి వచ్చినదా, పితరులనుండి వచ్చినదా, లేక అంగడినుండి వచ్చినదా? దీనిని తెలిసికొనుటకు సంఘ చరిత్రను కొంచెము వెనుకకు త్రిప్పి చూతము.

డిసెంబరు 25వ తేదీని క్రీస్తు జన్మదినముగా ఆచరించినట్లు మనకు దొరకు మొదటి ఆధారము రోమా పట్టణమునకు సంబంధించినది. 336వ సంవత్సరమున అక్కడ ఆ పండుగ జరిగెనని ఒక పాత పంచాంగమువలన తెలియుచున్నది. అంతకు ఎంతో ముందునుండియే రోమావారికి డిసెంబరు 17న మొదలగు సాటర్నేలియా అను పండుగ కలదు. అందులో మైనపు వత్తులును చిన్న మట్టిబొమ్మలును ఒకరికొకరు ఇచ్చుకొనెడివారు. జనవరి మొదటి దినమునను కానుకలు చేతులు మారెడివి. సుమారు 200వ సంవత్సరమున ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి పట్టణపు తెర్తుల్లియను, ఈ అన్యుల పండుగలలో పాలుపొంది కానుకలు పంపుకొను క్రైస్తవులను గట్టిగా గద్దించెను.

ఇంకొక బోధకుని మాట తలిదండ్రులు మరి ముఖ్యముగా వినవలసినది. నేటి తుర్కీ దేశములోని అమాసియా పట్టణమునకు అస్తేరియసు అను బిషప్పు ఉండెను. ఆయన 400వ సంవత్సరము జనవరి మొదటి దినపు పండుగనుగూర్చి ఒక ప్రసంగము చేసెను. ఆ ఊరి పిల్లలు వెండిరేకు అంటించిన పండ్లను తీసికొని ఇంటింటికి తిరిగి, వాటికి రెండింతల వెలగల కానుకలు పుచ్చుకొనెడివారు. ఇది చూచి ఆయన దుఃఖించెను. కపటమెరుగని పసి హృదయములకు ఈ పండుగ ధనాపేక్షను నేర్పుచున్నదని చెప్పెను. ఆ ప్రసంగము చేసి పదునారు వందల ఏండ్లు దాటినవి. అయినను, "నాకు వచ్చినది ఎంత? వానికి వచ్చినది ఎంత?" అని నేటి పిల్లలు లెక్కించుకొనుట చూచినప్పుడు ఆ మాట మన కొరకే చెప్పినట్లున్నది.

ఇక క్రిస్మసు తాత మాట. ఆయన కథకు మూలపురుషుడు 4వ శతాబ్దమున మైరా పట్టణమునకు బిషప్పుగా నుండిన నికొలాసు. ఆయననుగూర్చి తరతరములుగా ఒక కథ చెప్పుకొనబడుచున్నది. ఒక తండ్రికి ముగ్గురు కుమార్తెలు. కట్నమిచ్చుటకు చేత కాసు లేదు. ఆ పిల్లలు చెడు బ్రదుకునకు అమ్ముడుపోవలసిన దుస్థితి వచ్చెను. నికొలాసు ఇది విని, రాత్రివేళ ఎవరికి తెలియకుండ వారి కిటికీలోనుండి బంగారపు మూట వేసెను. ఆలాగు ముగ్గురి కొరకును చేసెను. డిసెంబరు 6వ తేదీ ఆయన జ్ఞాపకదినమాయెను. హాలెండువారు ఆయనను సింటర్‌క్లాస్ అని పిలిచిరి. ఆ పేరే అమెరికాలో సాంటాక్లాజ్ అని మారెను.

ఈ కథలో మనము మరువకూడని సంగతి ఒకటి కలదు. నికొలాసు బహుమానము ఒక పేద తండ్రి తలమీది బరువును దించెను. నేడు ఆయన పేర అమ్ముడుపోవు బహుమానములు పేద తండ్రుల తలమీద బరువు పెట్టుచున్నవి.

16వ శతాబ్దపు మత సంస్కరణ తరువాత జర్మనీలోని ప్రొటెస్టంటులు పరిశుద్ధుల పండుగలను తగ్గించి, పిల్లల కానుకలను డిసెంబరు 6నుండి క్రిస్మసునకు మార్చి, బాల క్రీస్తు పేర ఇయ్యసాగిరి. ఆపిలు పండ్లు, గింజలు, చిన్న కఱ్ఱబొమ్మలు, అంతే. ఇంగ్లండులోని ప్యూరిటనులు పండుగనే త్రోసివేసిరి. అక్కడి పార్లమెంటు 1647లో క్రిస్మసు ఆచరణను రద్దు చేసెను. అమెరికాలోని మాసచూసెట్సులో 1659లో చేసిన చట్టము ప్రకారము క్రిస్మసు ఆచరించువారికి 5 షిల్లింగుల జుల్మానా. ఆ చట్టము 1681 వరకు నిలిచెను. వారి కాఠిన్యమును మనము మెచ్చుకొననక్కరలేదు. కాని క్రీస్తు జన్మమును ఎంతో ప్రేమించినవారిలో కూడ క్రిస్మసు బహుమానములు లేకుండ తరములు గడచినవని దీనివలన తెలియును.

మరి నేటి ఆచారము ఎప్పుడు బలపడెను? 19వ శతాబ్దమున. 1823లో న్యూయార్కు రాష్ట్రపు ట్రాయ్ పట్టణములోని ఒక వార్తాపత్రికలో, నికొలాసు బొమ్మల మూటతో ఇంటి పొగగొట్టములో దిగివచ్చుటనుగూర్చిన పద్యము అచ్చుపడెను. 1843లో చార్లెసు డికెన్సు వ్రాసిన క్రిస్మసు కథ వెలువడెను. అందులో మనస్సు మారిన పిసినారి తన పేద గుమాస్తా యింటికి తన పేరు చెప్పకుండ ఒక పెద్ద కోడిని పంపును. 1848లో విక్టోరియా రాణి కుటుంబము క్రిస్మసు చెట్టు చుట్టును నిలిచిన బొమ్మ లండను చిత్రపత్రికలో వచ్చెను. 1870లో అమెరికా ప్రభుత్వము క్రిస్మసును సెలవుదినముగా చట్టము చేసెను.

అదే కాలమున యంత్రములు పెరిగెను, రైళ్లు పెరిగెను, పెద్ద అంగళ్లు పుట్టెను. అంతకుముందు తండ్రి చెక్కిన బొమ్మయో, తల్లి అల్లిన మేజోళ్లో బిడ్డకు బహుమానమగుచుండెను. ఇప్పుడు జర్మనీలోని సోనెబర్గు వంటి ఊళ్లలో వేలకొలది బొమ్మలు తయారై ఓడలెక్కి దూరదేశములకు పోవుచుండెను. న్యూయార్కులోని మేసీస్ అంగడివారు 1874లో తమ కిటికీల నిండ బొమ్మలు పేర్చి దారిని పోవు పిల్లలకు చూపిరి. బిడ్డ చూచినది తల్లిని అడుగును, తల్లి కాదనలేదు. వర్తకుడు తలిదండ్రుల ప్రేమకు వెల కట్టుట నేర్చుకొనెను.

ఆ వెల ఎవరెవరు చెల్లించిరో కూడ చెప్పవలెను. సోనెబర్గు ప్రాంతమున బొమ్మలు పేదల ఇండ్లలో తయారగుచుండెను. అక్కడి పసిపిల్లలు తాము ఆడుకొనని బొమ్మలకు రంగులు పూయుచుండిరి. అమెరికాలో ఫ్లోరెన్సు కెల్లీ అను సంస్కర్త 20వ శతాబ్దారంభమున ఒక సంగతి బయటపెట్టెను. పండుగ దినములలో అంగళ్లలో అమ్ము యువతులును, సరకులు మోయు బాలురును చాల రాత్రివరకు పనిచేసి సొమ్మసిల్లుచుండిరి. ఆమెయు ఆమె సంఘమువారును, కొనవలసినవి ముందుగానే పగటివేళ కొనుడని ప్రజలను బతిమాలిరి.

క్రమముగా ఖర్చు ఎంత పెరిగెననగా, దాని కొరకు ఏడాది పొడుగునను కూడబెట్టవలసి వచ్చెను. 1909లో పెన్సిల్వేనియా రాష్ట్రములోని కార్లైల్ పట్టణపు ఒక బ్యాంకు క్రిస్మసు పొదుపు సంఘము పెట్టెను. వారము వారము కొంచెము కట్టినవారికి డిసెంబరు మొదట మొత్తము చేతికిచ్చెను. ఈ పద్ధతి త్వరలోనే దేశమంతట వ్యాపించెను. కూడబెట్టుట మంచిదే, కాని ఎక్కడ కూడబెట్టుచున్నామో చూచుకొనవలెను. 2006 అక్టోబరులో ఇంగ్లండులో ఫేర్‌పాక్ అను క్రిస్మసు పొదుపు సంస్థ కూలిపోగా, లక్షకు పైగా సామాన్య కుటుంబములు పండుగ ముందర తమ సొమ్ము పోగొట్టుకొనిరి. చీటీలవలన నష్టపడిన మన ఊరివారికి ఈ కథ క్రొత్తది కాదు.

1939లో ఇంకొక వింత జరిగెను. అమెరికాలో కృతజ్ఞతా దినము తరువాతనే క్రిస్మసు బేరములు మొదలగుట వాడుక. ఆ యేడు ఆ దినము నవంబరు 30న రావలసియుండగా, బేరమునకు దినములు చాలవని వర్తకులు మొరపెట్టిరి. అధ్యక్షుడు రూజ్‌వెల్టు దానిని ఒక వారము ముందుకు జరిపెను! దేవునికి స్తోత్రము చెల్లించు దినము అంగడి కొరకు కదలినది. నేటి సంగతి చూడుడు. 2024 అక్టోబరులో గాలప్ సంస్థవారు అడుగగా, అమెరికనులు ఒక్కొక్కరు కానుకలకు సగటున సుమారు 1,000 డాలర్లు ఖర్చు చేయుదుమని చెప్పిరి. అది అప్పటి మన లెక్కలో ఇంచుమించు 84,000 రూపాయలు.

అయితే ప్రతి తరములోను దేవుడు కొందరిచేత వేరొక త్రోవను చూపించెను. చైనా దేశములో సేవచేయుచుండిన అమెరికా మిషనెరీ స్త్రీ లాటీ మూను 1887లో తన దేశపు స్త్రీలకు ఒక ఉత్తరము వ్రాసెను. క్రిస్మసునకు ముందటి వారమును సువార్త సేవకొరకు కానుకలిచ్చు వారముగా ఏర్పరచుకొనుడని కోరెను. మరుసటి సంవత్సరము ఆ స్త్రీలు 2,000 డాలర్లు రావలెనని ఆశింపగా 3,315 డాలర్లు వచ్చెను. ఆ సొమ్ముతో ముగ్గురు సేవకురాండ్రు చైనాకు పంపబడిరి. ఆమె 1912 డిసెంబరు 24న, జపానులోని కోబే రేవున, ఓడలో కన్నుమూసెను. అదే 1912లో న్యూయార్కులో కొందరు స్త్రీలు వ్యర్థమైన కానుకలను మాన్పించుటకు ఒక సంఘము స్థాపించిరి. అంగళ్లలో పనిచేయు పేద యువతులు తమ పై అధికారుల కానుకలకు తప్పనిసరిగా చందాలిచ్చి నలిగిపోవుచుండుటయే దానికి కారణము.

ప్రియ తలిదండ్రులారా, ఈ దూరదేశముల కథ మనకెందుకని అనుకొనవద్దు. మన పల్లెలలో చెట్టుక్రింద బొమ్మల మూటలు లేకపోవచ్చును. మన బహుమానము క్రొత్త బట్టలు. దానితో నేడు కేకు, నక్షత్రము, టపాకాయలు, కొన్ని ఇండ్లలో వాయిదాలమీద సెల్ ఫోను కూడ చేరినవి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 5,000 రూపాయలు తెచ్చిన తండ్రి లెక్క చూడుడు. ఏడాదికి వడ్డీ 1,800. మరుసటి క్రిస్మసునాటికి అప్పు 6,800. అప్పటికి చొక్కా చిరిగియుండును, జోళ్లు పిల్లవాని కాలికి చాలకుండును, అప్పు మాత్రము పిల్లవానితోపాటు పెరిగియుండును.

అంతకంటె విచారకరమైనది ఇంకొకటి కలదు. ఏడాదియంతయు సండే స్కూలుకు వచ్చి, క్రిస్మసు కార్యక్రమమునకు వాక్యములు కంఠస్థము చేసిన పిల్ల, పండుగనాడు ఆరాధనకు రాదు. విచారించినచో, క్రొత్త గౌను లేనందున ఇంటిలో కూర్చున్నదని తెలియును. నా సేవలో ఇట్టి పిల్లలను ఒకరిని కాదు, పలువురిని ఎరుగుదును. పొత్తిగుడ్డలతో చుట్టబడిన శిశువును ఆరాధించుటకు, క్రొత్త గుడ్డ లేదని ఒక బిడ్డ సిగ్గుపడి రాకపోయినచో, ఆ సిగ్గు ఆ బిడ్డది కాదు, మన సంఘమంతటిది.

మొదటి క్రిస్మసునందు తలిదండ్రులు పెట్టిన ఖర్చు ఎంత? దీనికి లూకా సువార్త రెండవ అధ్యాయములో జవాబు కలదు. శిశువును దేవాలయమునకు తెచ్చినప్పుడు యోసేపు మరియలు తెచ్చిన అర్పణ రెండు పక్షులు. లేవీయకాండము పండ్రెండవ అధ్యాయము ప్రకారము గొఱ్ఱెపిల్లను తేజాలని పేదవారికి దేవుడు నియమించిన అర్పణ అది. వారు గొఱ్ఱెపిల్లకొరకు అప్పు చేయలేదు. ఎదుటివారు ఏమనుకొందురోయని దేవాలయమునకు రాక మానలేదు. ఆ పక్షులను చూచి సుమెయోను ఆ బిడ్డను ఎత్తుకొనుట మానలేదు. ఎవని శక్తికి తగినట్లు వాడు తెచ్చుటయే ధర్మశాస్త్రము.

కాబట్టి ఈ యేడు కొన్ని పనులు చేయుదము. భార్యాభర్తలు నవంబరులోనే కూర్చుండి, ఇంత అని ఒక మొత్తము నిర్ణయించుకొని, దానిని దాటకుందురు గాక. పండుగకొరకు అప్పు చేయవద్దు. జనవరినుండి నెలకు 100 రూపాయలు పోస్టాఫీసులో మీ పేర వేసికొన్నను డిసెంబరునాటికి 1,200 అగును. మీ బిడ్డలకు కొనునప్పుడు, చేతనైనంతలో వేరొక బిడ్డకు కూడ కొని, నికొలాసువలె ఎవరికి తెలియకుండ అందజేయుడు. ఇచ్చుటలో మీ పిల్లలను కూడ చేర్చుకొనుడు. పుచ్చుకొనుట వారికి ఎవరును నేర్పనక్కరలేదు. సంఘ పెద్దలును స్త్రీల సమాజమువారును, బట్టలు లేక ఇంటిలో ఆగిపోవు బిడ్డ ఎవరో ముందుగానే తెలిసికొందురు గాక. సండే స్కూలు ఉపాధ్యాయులారా, ఆనాడు పిల్లల బట్టలను కాక వారు నేర్చిన వాక్యములను మెచ్చుకొనుడు.

దేవుడు తన కుమారుని మనకు ఇచ్చినప్పుడు వెల అడుగలేదు. ధనవంతుడైయుండి మన నిమిత్తము దరిద్రుడైన ఆ ప్రభువు జన్మదినము, ఏ తండ్రినైనను అప్పులపాలు చేయకుండును గాక. ఏ బిడ్డనైనను ఆలయపు గడప బయట నిలుపకుండును గాక. ఆమేన్.