ఏ దిక్కుకు పోను?



కాందిశీకులు అనే మాట మీరు వినే ఉంటారు. సంస్కృతంలో ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకు’ అని అర్థం. ఏ దిక్కుకు పోనురా భగవంతుడా అని అంగలార్చేవాడే కాందిశీకుడు. మరి ఆ దిక్కు వాళ్ళకి ఎవరు చూపిస్తారు?

ఎక్కడి సంగతో ఎందుకు? మా దిండి గోదావరి ఒడ్డు ఊరు. మా వైపు పెద్దవాళ్ళు రంగూన్‌ని ‘రంగం’ అనేవారు. గోదావరి జిల్లాల వాళ్ళు కాకినాడలో స్టీమరెక్కి కూలిపనులకి అక్కడికి వెళ్ళేవారు. మన కోరంగి రేవును బట్టి బర్మావాళ్ళు తెలుగువాళ్ళని ‘కోరంగీలు’ అన్నారు. వాళ్ళెవరూ పటం చూసి బయలుదేరలేదండీ. మేస్త్రీ చెప్పాడనో, ముందు వెళ్ళిన బావగారు ఉత్తరం రాశాడనో వెళ్ళారు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. వీలు చిక్కినవాళ్ళు ఓడెక్కారు. 1942 మార్చిలో రంగం జపాను వశమైంది. ఆ రేవూ పోయింది. ఇక కాలినడకే. కొందరు ప్రోం నుంచి కొండలు దాటి టాంగప్ మీదుగా చిట్టగాంగ్ వైపు నడిచారు. కొందరు టమూ మీదుగా మణిపురం చేరారు. ఉత్తరాన చిక్కుకున్నవాళ్ళకి హుకాంగ్ లోయ అడవులే గతి. ఏ దారి తెరిచి ఉంది, ఎక్కడ కలరా తగిలింది, నీళ్ళెక్కడున్నాయి - అన్నిటికీ నోటిమాటే ఆధారం. నిన్నటి నిజం ఇవాళ అబద్ధమయ్యేది. లక్షలమంది నడిచారు, వేలమంది దారిలోనే రాలిపోయారు. చంకలో పిల్లతో నడిచిన తల్లికి దిక్కు ఎంచుకోవడమంటే ముందు నడిచేవాళ్ళ వెనక నడవడమే.

1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, 50, 100 నోట్లు చెల్లవన్నారు. ఈసారి మన ప్రభుత్వం ఓడలు పంపింది. కాని అక్కడే పుట్టి పెరిగిన ఆడవాళ్ళకి ‘స్వదేశం’ అంటే అమ్మమ్మ నోట విన్న ఊరి పేరే. విశాఖపట్నంలో స్థిరపడినవాళ్ళ గుర్తుగా బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది.

ఈనాడూ ప్రపంచంలో ఎందరో ఇలాగే దేశాలు దాటుతున్నారు. ‘వీళ్ళు ఇక్కడికే ఎందుకొచ్చారు?’ అంటాం. తెలిసిన మనిషి, తెరిచి ఉన్న దారి, చేతిలో మిగిలిన నాలుగు డబ్బులు - చాలామందికి దిక్కు చూపేవి ఈ మూడే. మీ వీధికి అలాంటివాళ్ళు వస్తే, ‘ఎందుకొచ్చారు’ అనేముందు, ‘ఎవరు చెబితే వచ్చారమ్మా?’ అని అడగండి. వాళ్ళ కథంతా అక్కడే మొదలవుతుంది.