వ్యక్తిగత ఆరోగ్య బీమా: ప్రీమియంతో పాటు గది అద్దె పరిమితినీ చూడాలి

ప్రభుత్వ పథకాలలోకి గాని, ఉద్యోగ సంస్థల గ్రూపు బీమాలోకి గాని రాని కుటుంబాలు తక్కువ ఖర్చుతో పొందదగిన పాలసీలలో 'ఆరోగ్య సంజీవని' ఒకటి. హైదరాబాద్ కేంద్రంగా గల భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐ.ఆర్.డి.ఎ.ఐ.) దీనిని 2020 ఏప్రిల్ 1 నుంచి ప్రవేశపెట్టింది. ప్రామాణిక షరతులను సంస్థ నిర్దేశించగా, ప్రీమియం నిర్ణయాన్ని మాత్రం కంపెనీలకే విడిచిపెట్టింది. అందువల్ల ధరలను సరిపోల్చుకోవడం సులభం.

అయితే తక్కువ ప్రీమియం వెనుక గల పరిమితులను గమనించవలసి ఉంది. ప్రామాణిక షరతుల ప్రకారం ప్రతి క్లెయిములో 5 శాతం పాలసీదారుడే భరించాలి. గది అద్దె బీమా మొత్తంలో 2 శాతానికి, గరిష్ఠంగా రోజుకు రూ. 5,000కు పరిమితం. రూ. 2 లక్షల పాలసీపై ఇది రూ. 4,000 మాత్రమే. రోగి రూ. 8,000 గదిలో చేరిన పక్షంలో కోత అద్దెతో ఆగదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీల వంటి వాటిలోనూ దాదాపు సగానికే చెల్లింపు లభిస్తుంది. గది ఎంపికకు ముందే ఈ లెక్క చూసుకోవడం అవసరం.

వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుంచి తొలగించారు. పాలసీకి ముందే ఉన్న వ్యాధుల నిరీక్షణ కాలం గరిష్ఠ పరిమితి 2024లో 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గింది. ఆ వ్యాధులను ప్రతిపాదన పత్రంలో దాచినట్లయితే క్లెయిము తిరస్కరణకు గురికావచ్చు.